పన్నెండో ప్రతి

పానకాలు మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. గుంటూరులో ముప్పై ఏళ్ళు కాలేజీ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి, రిటైరయ్యాక ఆదివారాలు నలుగురైదుగురు కథలు రాసేవాళ్ళను డాబా మీద కూర్చోబెట్టుకుంటున్న ఆ పెద్దమనిషికి ఇది పాత అలవాటే. సందేహం అడిగిన పాపానికి ఒకాయన రైల్వే స్టేషన్లో మూడు గంటలు ఊరికే కూర్చుని రావలసి వచ్చింది. ఒకావిడ తన కథను చూపు ఆనని పెద్దమ్మకు చదివి వినిపించి, ఆమె ఎక్కడ కునుకు తీసిందో రాసుకుని రావలసి వచ్చింది. అందుకని తెలివైనవాళ్ళు ఆయన్ని ఏదీ తొందరపడి అడగరు. రత్నాకర్ అడిగాడు. అడక్కుండా ఉండగలిగే స్థితి దాటిపోయాడు మరి.

రత్నాకర్ మిర్చి కోల్డ్ స్టోరేజీలో యంత్రాలు చూసే సూపర్‌వైజరు. ఏళ్ళ తరబడి ఆ చలిగదుల మధ్య తిరిగీ తిరిగీ అంతరిక్షం మీద మనసు పారేసుకున్నాడు. రెండు కథలు మొదలుపెట్టి సగంలో వదిలేశాక, పూర్తయింది ఇదొక్కటే. శనిగ్రహానికి వెళ్ళే నౌక, అందులో ఏడుగురు మనుషులు, దారిలో ఒక ప్రమాదం, చివర్లో వలయాల దగ్గర నీలికాంతి జీవులు. మాస్టారి నియమం ప్రకారం పన్నెండు జిరాక్సు ప్రతులు తీయించి పన్నెండు మంది చేతుల్లో పెట్టాడు. ఆనాటి నుంచి మనిషికి తిండి సయించలేదు. ఫోను జేబులోంచి తీయడం, చూడడం, పెట్టుకోవడం, మళ్ళీ తీయడం. "మోగితే వినపడదా ఏంటి?" అని భార్య ప్రమీల అంటే, మెసేజీలు మోగకుండా కూడా వస్తాయని కసురుకున్నాడు.

అభిప్రాయాలు వచ్చాయి, రాకేం. ఇంజనీరింగు చదివే మేనల్లుడు, శని నుంచి భూమికి కబురు చేరడానికే గంటకు పైగా పడుతుంటే నీ కెప్టెన్ హలో అనగానే ఇక్కడివాళ్ళు హలో ఎలా అన్నారు మామయ్యా అన్నాడు. తెలుగు పంతులుగారు ఇంగ్లీషు మాటలన్నిటికీ ఎర్రసిరాతో సున్నాలు చుట్టి, వాల్వును కవాటం చేయమన్నారు. బ్యాంకు స్నేహితుడు, ఏడుగురిలో ఒక్క ఆడమనిషైనా లేకపోతే ఎవడు చదువుతాడన్నాడు. వదిన, అంతా బాగుంది కానీ వాళ్ళు ఏం తింటున్నారో రాయలేదంది. ఒక మహానుభావుడైతే రత్నాకర్ ప్రతి చేతికిచ్చి వీధి మలుపు తిరిగేలోపే 'అద్భుతం' అని మెసేజీ పెట్టాడు. రత్నాకర్ ఎవరి మాటా తీసెయ్యలేదు. కబురు ఆలస్యం చేశాడు, వాల్వు పీకి కవాటం బిగించాడు, ఒక డాక్టరమ్మకు సురభి అని పేరు పెట్టి నౌక ఎక్కించాడు, అందరికీ ఉప్మా పెట్టించాడు. గాలి అయిపోయే ఘట్టం సాగదీతగా ఉందని ముగ్గురు అంటే, ఆ అరపేజీని ఒక్క వాక్యానికి కుదించాడు. ఆరోసారి తిరగరాసేసరికి అది ఎవరి కథో అతనికే తెలియకుండా పోయింది. ఈ ఆదివారం తేలకపోతే ఇక కలం ముట్టనని ప్రమీలతో అనేసి, ఆ అన్న మాటకే భయపడుతూ మాస్టారి దగ్గరికి వచ్చాడు.

"పదకొండు మంది పదకొండు రకాలుగా చెబుతున్నారు మాస్టారూ. ఎవరి మాట వినమంటారు?"

"పన్నెండు ఇచ్చావుగా?"

"ఆ పన్నెండో ఆయన ఏమీ చెప్పలేదండీ. నెలన్నర అయింది. చదివుండడు."

"వెళ్ళి ఆ ప్రతి తెచ్చుకో," అని మాస్టారు పక్కన కూర్చున్నావిడ కాగితాలు చేతిలోకి తీసుకున్నారు. అంతటితో ఆయన మటుకు ఆయనకు ఆ విషయం అయిపోయింది.

పన్నెండో ఆయన పేరు మస్తాన్‌వలి. ఒక ఆసుపత్రిలో ఆక్సిజన్ గది చూసుకుంటాడు. గ్రంథాలయంలో పేపర్ల బల్ల దగ్గర పరిచయం. పకోడీలు కట్టిన కాగితమైనా సరే విప్పి చదివే రకం. పదకొండు మంది దొరికి పన్నెండో మనిషి దొరకనప్పుడు, లెక్కకు సరిపోతాడని ఆయనకు ఒకటి ఇచ్చాడు. నిజం చెప్పాలంటే ఆయన అభిప్రాయం కోసం రత్నాకర్ ఒక్క పూట కూడా ఎదురుచూడలేదు.

దారంతా సణుక్కుంటూనే పోయాడు. శంకర్‌విలాస్ సెంటర్లో సిగ్నలు పడితే, డాక్టరమ్మను దింపేస్తే ఎలా ఉంటుందా అని ఆలోచించాడు. పచ్చ లైటు పడేసరికి మళ్ళీ ఎక్కించుకున్నాడు. ఆసుపత్రి వెనకవైపు ఇనుప జాలీ గదిలో, గొలుసు వేసి నిలబెట్టిన సిలిండర్ల పక్కన స్టూలు మీద కూర్చుని మస్తాన్‌వలి పాత వారపత్రిక ఏదో చదువుకుంటున్నాడు. యాభై దాటిన మనిషి. చూడగానే లేచి, స్టూలు పాతగుడ్డతో తుడిచి ముందుకు జరిపాడు.

"చదవకపోయినా ఫర్వాలేదండీ. ఆ ప్రతి ఇచ్చేస్తే తీసుకుపోతాను," అన్నాడు రత్నాకర్, కూర్చోకుండానే.

మస్తాన్‌వలి అలమరలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి కాగితాలు బయటికి లాగాడు. మొదటి నాలుగు పేజీలు అంచులు నలిగి, మెత్తబడి ఉన్నాయి. ఐదో పేజీ నుంచి చివరి దాకా జిరాక్సు కొట్టులోంచి వచ్చినవి వచ్చినట్టే ఉన్నాయి. పద్నాలుగు పేజీల్లో పది పేజీలను మనిషి చెయ్యి తాకలేదు. రత్నాకర్ ప్రాణం ఉసూరుమంది.

"బోరు కొట్టిందా?"

"అయ్యో, అదేం మాట సార్! ఈ నాలుగు పేజీలూ ఎన్నిసార్లు చదివానో నాకే తెలవదు. ఇక్కడికొచ్చి ఆగిపోతన్నా."

ఆయన వేలు పెట్టిన చోట కెప్టెన్ విక్రాంత్ వెనక గదికి గాలి వెళ్ళే వాల్వు కట్టేస్తున్నాడు. గాలి ఆరుగురికే సరిపోతుంది, వెనక గదిలో ఏడో మనిషి ఉన్నాడు. 'అతను వాల్వు తిప్పాడు. ఆరుగురు బతికారు.' పేజీ అక్కడితో అయిపోతుంది.

"ఈ ఏడో ఆయన పేరేంది సార్?"

రత్నాకర్ కాగితాలు తీసుకుని మొదటి పేజీ చూశాడు, రెండో పేజీ చూశాడు. రాసింది తనే కదా, లేదని తెలుసు. అయినా వెతికాడు. కెప్టెన్‌కు పేరుంది, నౌకకు పేరుంది, నిన్నగాక మొన్న ఎక్కిన డాక్టరమ్మకూ ఉంది.

"పెట్టలేదండీ," అన్నాడు.

"మాకూ తెలవదులెండి," అన్నాడు మస్తాన్‌వలి, తప్పు పట్టినట్టు కాకుండా తోడు దొరికినట్టు. "కరోనా రెండో ఏడు సార్. ట్యాంకరు రావాల, రాలా. గేజీలో ముల్లు దిగిపోతా ఉంది. కింద వార్డులో ముప్పై మంది ఉన్నారు, పై అంతస్తు లైను కట్టెయ్యమన్నారు డాక్టరుగారు. ఆయనకి మాత్రం ఇంకో దారేది? ఏడుస్తానే చెప్పారు. తిప్పింది నేను. పైన ఒక్కాయన ఉన్నాడు. బెడ్ నంబరు పందొమ్మిది. పేరు కనుక్కుందామని ఇన్నేళ్ళ నుంచీ అనుకుంటన్నా. ఎవర్ని అడగాల?"

లోపల ఎక్కడో సన్నగా గాలి పోతున్న చప్పుడు వస్తోంది. మస్తాన్‌వలి అలవాటుగా గేజీ వైపు చూసి, మళ్ళీ ఇటు తిరిగాడు.

"మీ కెప్టెను తిప్పేశాక ఆ చెయ్యి ఏం చేసుకున్నాడా అని, పేజీ తిప్పబోతా. భయమేస్తది. ఆపేస్తా. మళ్ళీ ఒకటో పేజీ కాడి నుంచి మొదలుపెడతా. తర్వాత రాశారా సార్ అది?"

తర్వాత పేజీలో ఏముందో రత్నాకర్‌కు కంఠతా వచ్చు. మొదటి వాక్యంలోనే వలయాలు తళుక్కుమంటాయి. మూడో పేరాలో కెప్టెన్ విక్రాంత్ నవ్వుతూ అదే చెయ్యి నీలికాంతి జీవికి చాస్తాడు. ఇంట్లో బల్ల మీదున్న ఆరో రాతలో అయితే ఆ లోపే ఉప్మా కూడా తింటాడు. అది రాశానని చెప్పడానికి సిగ్గేసింది.

"ఇంకా లేదండీ," అన్నాడు.

"అట్టయితే ఇది ఇప్పుడు తీసుకుపోవద్దు సార్. నా కాడే ఉండనీండి," అని మస్తాన్‌వలి కాగితాలు అందుకుని, అంచులు సర్ది, కవర్లో పెట్టి అలమరలో దాచాడు.

రత్నాకర్ తిరిగి వచ్చేసరికి డాబా మీద అందరూ వెళ్ళిపోయారు. మాస్టారు ఒక్కరే మందార కుండీలకు నీళ్ళు పోస్తున్నారు. రత్నాకర్ కూర్చున్నాడు, లేచాడు, పిట్టగోడ దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. పొద్దుటి దాకా మనసు పదకొండు వైపులకు లాగింది. ఇప్పుడు ఒక్కవైపే లాగుతోంది, ఆ వైపుకు పోవాలంటే భయంగా ఉంది.

"తెచ్చావా?"

"ఇవ్వలేదండీ." జరిగిందంతా చెప్పాడు. "నాలుగో పేజీ దాటలేకపోతున్నాడు మాస్టారూ, పాపం."

మాస్టారు చెంబు కింద పెట్టి అతని మొహంలోకి చూశారు.

"నువ్వెలా దాటావయ్యా?" అన్నారు.