పాప తడి చెయ్యి

పిల్లలూ, ఒక ప్రశ్న. నేల మీద ఏదో సన్నటి పొడి పడి ఉందనుకోండి. దాని మీద నా చెయ్యి ఆనిస్తే ఎక్కువ అంటుతుందా, మీ చెల్లి చెయ్యి ఆనిస్తే ఎక్కువ అంటుతుందా?

"నీదే అమ్మమ్మా, నీ చెయ్యి పెద్దది కదా!" అంటున్నాడు రుత్విక్. తొందరపడకు నాయనా. చిన్నీ, నువ్వూ చెయ్యి దించు. ముందు కథ వినండి.

నరసరావుపేటలో నిరుపమ అని ఒక అమ్మాయి, ఖలీల్ గారనే మాస్టారి దగ్గర పరిశోధన చేస్తుండేది. ఇళ్ళల్లో బొద్దింకలకీ చీమలకీ మందు కొట్టిస్తారు కదా. వాసన పోయినా ఆ మందు గచ్చు మీద కంటికి కనపడకుండా మిగిలే ఉంటుంది. అందులో ఎంత మన ఒంటికి అంటుతుందో కొలవడం ఆ పిల్ల పని.

ఎలా కొలిచేదంటే, ఒక ఇనపదిమ్మకు తెల్లటి నూలుగుడ్డ చుట్టి నేల మీద లాగేది. తర్వాత తన అరచెయ్యి శుభ్రంగా కడిగి, పొడిగా తుడుచుకుని, ఒక్కసారి నేలకు ఆనించి తీసేది. గుడ్డకీ చేతికీ అంటినదాన్ని కడిగి సీసాలోకి దించి, కాలేజీలో మిషన్‌కి పెట్టేది. మందు ఎంత ఉందో అది చెప్పేది. ఆ దిమ్మ తనే తయారు చేసుకున్నానని నిరుపమకు కొంచెం గర్వం. ముద్దుగా దాన్ని 'బండోడు' అని పిలుచుకునేది.

ఆ రోజుల్లోనే వాళ్ళ అక్క సుహాసిని ఇంట్లో బొద్దింకల మందు కొట్టించారు. సుహాసిని పాపను ఎత్తుకుని పక్క వీధిలో ఉన్న అమ్మ ఇంటికి వచ్చేసింది. ఇక్కడే వచ్చింది చిక్కు. పాప అప్పుడప్పుడే పాకుతోంది. పాప మొదటిసారి గడప దాటితే గారెలు వండి పంచుతాం కదా మనం. ఆ మొదటి గడప తమ ఇంటిదే కావాలని పాప నాన్నమ్మ సామ్రాజ్యం గారి పట్టు.

ఇక చూడండి, అమ్మమ్మగారింట్లో ప్రతి గడపకీ ఒక దిండు అడ్డం! పాప దిండు ఎక్కబోవడం, ఎవరో ఒకరు పరిగెత్తి కాలు పట్టి వెనక్కి లాగడం. ఇంకో గదిలోకి వెళ్తే అక్కడా అదే కథ.

"ఎన్నాళ్ళే ఈ కాపలా! మా అత్తయ్య రోజూ పొద్దున్నే మినప్పప్పు నానబోస్తున్నారు. ఇంటికి తీసుకెళ్ళచ్చో లేదో నువ్వు చెప్పవే," అంది సుహాసిని.

నిరుపమ బండోడిని తీసుకుని అక్క ఇంటికి వెళ్ళింది. హాల్లో లాగింది. చెయ్యి ఆనించింది. మిషన్ లెక్క చూసి నవ్వుకుంటూ ఖలీల్ మాస్టారి గదిలోకి వచ్చింది.

"సార్, అంటింది నామమాత్రం. రేపు పాపను ఇంటికి పంపేస్తాం. మీరు ఒక్క మాట సరే అనండి చాలు."

మాస్టారు కాగితం చూశారు. టీ తాగడం పూర్తి చేశారు.

"పాపను చూడచ్చా?" అన్నారు.

"పాపనా? లెక్క చూశారు కదా సార్."

"లెక్క చూశాను. పాపను చూడలేదు."

మర్నాడు పొద్దున మాస్టారు ఇంటికి వచ్చారు. వస్తూనే నిరుపమ వాళ్ళమ్మను అడిగారు: "వంట పసుపు కాస్త ఇస్తావా తల్లీ? పల్చటి గుడ్డ కూడా."

కడిగి ఆరిన వరండా ఎర్ర గచ్చు మీద, గుడ్డలోంచి పసుపు జల్లించారు. ఎంత పల్చగా అంటే, నిలబడి చూస్తే పసుపు ఉందనే తెలియదు.

"నువ్వు ఎలా కొలిచావో చూపించమ్మా."

నిరుపమ చెయ్యి తుడుచుకుని, నేలకు ఆనించి తీసింది. అరచేతిలో లేతగా, ఉందా లేదా అన్నట్టు ఒక ఛాయ.

"అదే సార్ నేను చెప్పింది. నామమాత్రం."

మాస్టారు తల ఊపి, వరండా ఆ చివర గిలక్కాయ పెట్టారు.

"ఇప్పుడు పాపను దించండి."

సుహాసిని పాపను దించింది. పళ్ళొచ్చే రోజులు కదా, నాలుగు వేళ్ళూ నోట్లో పెట్టుకుని కూర్చుంది చిట్టితల్లి. గిలక్కాయ కనపడింది. వేళ్ళు నోట్లోంచి తీసి, సొంగ కారుతున్న ఆ చేత్తో గచ్చు మీద టప్పున ఒక్క దెబ్బ వేసి బయల్దేరింది. సగం దూరం పాకి ఆగింది. చెయ్యి మళ్ళీ నోట్లో పెట్టుకుంది. తీసింది. టప్పు! పాకింది. మధ్యలో బోర్లా పడి గచ్చుకు బుగ్గ ఆనించి కాసేపు కబుర్లు చెప్పింది. లేచింది. గిలక్కాయ అందుకుంది. అదీ నోట్లోకే!

అప్పుడు ఇటు తిరిగి బోసినవ్వు నవ్వింది.

చూడాలి ఆ ముఖం! అరచేతులు పచ్చగా, మోకాళ్ళు పచ్చగా, ముక్కు కింద చక్కటి పసుప్పచ్చ మీసం.

"ఓసి నా పెళ్ళికూతురా! నలుగు పెట్టుకుని వచ్చావా?" అని అమ్మమ్మ ఎత్తుకుంది. సుహాసిని పొట్ట పట్టుకుని నవ్వింది. మాస్టారూ నవ్వారు. పాపకు ఏమీ అర్థం కాక అందరికంటే గట్టిగా నవ్వింది.

నిరుపమ నవ్వబోయి ఆగిపోయింది. పాప నాలుక మీద కూడా పసుపు ఉంది.

తన అరచెయ్యి చూసుకుంది. పాప అరచెయ్యి చూసింది.

"ఎవరి చేతిని కొలిచావమ్మా?" అన్నారు మాస్టారు మెల్లగా.

ఆ ఒక్క మాటే. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు.

నిరుపమ అప్పటికప్పుడు సామ్రాజ్యం గారికి ఫోన్ చేసింది.

"అత్తయ్యగారూ, గారెలు ఇవాళ కుదరవండీ."

"అదేంటే! నానిన పప్పు నన్నేం చెయ్యమంటావు?"

"దోసెలు పొయ్యండి. నేనూ వస్తున్నా తినడానికి. వచ్చి ఇల్లు కడుగుతాను."

"చదువుకున్న పిల్లవి, నువ్వు ఇల్లు కడగడమేంటే?"

"కడగడం నేర్చుకుందామనే వస్తున్నా అత్తయ్యగారూ."

వెళ్ళింది. ముందు బండోడి గుడ్డను నీళ్ళతో తడిపింది. మునుపటిలా ఒక్కసారి కాదు, లాగిన చోటే మళ్ళీ మళ్ళీ లాగింది. మంచం కిందా, గోడ మూలలా కూడా లాగింది. ఆ గుడ్డలు మిషన్‌కి పెట్టి చూసింది. పొడి గుడ్డకు నామమాత్రం అంటిన మందు తడి గుడ్డకు ఎన్నో రెట్లు అంటింది.

ఇక అత్తా కోడలూ వరసలు, పెద్దా చిన్నా తేడాలు పోయాయి ఆ ఇంట్లో. చేతులకు తొడుగులు వేసుకుని అందరూ సబ్బునీళ్ళతో గచ్చు కడగడమే. సామ్రాజ్యం గారు పీట వేసుకుని కూర్చుని, "ఆ మూల వదిలేశావు, నీ బండోడికి కనపడలేదా?" అని దెప్పడమే. కడగడం, తడి గుడ్డ లాగడం, చూడడం, మళ్ళీ కడగడం. చివరికి ఒకరోజు, ఏ గుడ్డలోనూ మిషన్‌కి మందు ఆనవాలు దొరకలేదు. అప్పుడు గానీ నిరుపమ సరే అనలేదు. ఈసారి మాస్టారిని అడగనూ లేదు. పిలవడానికి మాత్రం వెళ్ళింది.

పాపను గడప ఇవతల దించారు. ఇంటిల్లిపాదీ అవతల కూర్చుని చప్పట్లు. పాప గడప దాకా వచ్చి, హాయిగా కూర్చుని, దాని మీద పసుపు బొట్లు గోకడం మొదలుపెట్టింది! "రామ్మా, నా బంగారు తల్లీ!" అని సామ్రాజ్యం గారికి కళ్ళనీళ్ళు వచ్చినంత పనైంది. అప్పుడు లేచింది. ఒక మోకాలు ఎత్తింది. రెండోదీ ఎత్తింది. తడి అరచెయ్యి లోపలి గచ్చు మీద టప్పున పడింది.

వేళ్ళు నేరుగా నోట్లోకి.

సుహాసిని నిరుపమ వైపు చూసింది. నిరుపమ కదల్లేదు, భయపడలేదు. హాయిగా చప్పట్లు కొట్టింది.

వేడి గారెలు వచ్చాయి. మొదటిది మాస్టారికే పెట్టారు. ఆయన సగం తిన్నారు. బాగుందన్నట్టు తల ఊపారు. తర్వాత, నూనెతో మెరుస్తున్న తన అయిదు వేళ్ళనూ నిరుపమ ముందు చాపి, ఊరికే అలా పట్టుకున్నారు.

నిరుపమ ఆ వేళ్ళు చూసింది. పక్కున నవ్వింది. చేతిలో గారె చేతిలోనే ఉంది, బండోడిని చంకన పెట్టుకుని కాలేజీకి బయల్దేరింది.

"ఎందుకు నవ్వింది అమ్మమ్మా? కాలేజీకి ఎందుకెళ్ళింది?" అంటే నేనేం చెప్పను చిన్నీ? ఇందాక జంతికలు తిన్నావుగా, నీ వేళ్ళు చూసుకో. బండోడికి పొడి గుడ్డ అయింది, తడి గుడ్డ అయింది, నూనె గుడ్డ మాత్రం ఇంకా కాలేదు. రుత్విక్, నీ జవాబు అదేనా, మారిందా? ఇద్దరూ ఆలోచిస్తూ ఉండండి. వంటింటి గచ్చు సగమే తుడిచి వచ్చాను, బకెట్లో నీళ్ళు అలాగే ఉన్నాయి. మీ చెల్లి నిద్ర లేచేలోగా ఆ మిగతా సగం తుడిచేసి వస్తాను.