పద్నాలుగు గుప్పెళ్ళు

ఇటు జరుగు బుజ్జీ. కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. ఊఁ కొడుతూ వినాలి.

అనగనగా ఉప్పుగాలి వీచే ఒక ఊళ్ళో కెజీయా అనే పిల్ల ఉండేది. దానికి తొమ్మిదేళ్ళు. లెక్కల్లో మహా చురుకు. నాన్న పడవేసుకుని సముద్రం మీదికి వెళ్ళేవాడు. అమ్మ ఇల్లు చూసుకునేది.

ఆ ఇంట్లో పొయ్యి పక్కన ఒక చిన్న కుండ ఉండేది. అన్నం వండే ప్రతిసారీ అమ్మ దేవుడికని ఒక గుప్పెడు బియ్యం అందులో వేసేది. వేసే ముందు ఇంట్లో ఏదో ఒకదాన్ని చూసి, దాని పేరు చెప్పి, "స్తోత్రం తండ్రీ" అనేది. ఆదివారం ఆ బియ్యం గుడికి వెళ్ళేవి. పొయ్యి వెలగని ఇళ్ళవాళ్ళు వాటితో అన్నం వండుకునేవాళ్ళు.

ఒక ఆదివారం సాయంత్రం అమ్మ తన చెల్లెలి కాన్పుకని పొరుగూరు బయల్దేరింది. "గురువారం వస్తానే. వంట నీదే. కుండ మర్చిపోకు" అంది.

"నాకు చెప్పాలా" అంది కెజీయా.

సోమవారం పొద్దున్నే అది లెక్క వేసింది. రోజుకి రెండు వంటలు. వారానికి ఏడు రోజులు. మొత్తం పద్నాలుగు గుప్పెళ్ళు. ఇన్నిసార్లు ఎవరు లేస్తారు? ఒకేసారి వేసేస్తే పోలా? గబగబా పద్నాలుగు గుప్పెళ్ళు వేసేసింది. వేళ్ళు మడుస్తూ పద్నాలుగు స్తోత్రాలు చెప్పేసింది. లెక్క సరిపోయింది. చేతులు దులుపుకుంది.

ఆ తర్వాత నీళ్ళకి నూతి దగ్గరికి వెళ్ళింది. చేద దింపింది. గిలక తిరిగింది కానీ, కిర్రుమనలేదు. చేద నీళ్ళలో పడింది కానీ, చప్పుడు రాలేదు.

చెవుల్లో నీళ్ళు పోయాయేమో అనుకుని, తల పక్కకి వంచి ఒంటికాలి మీద గెంతింది. మాటలు వినబడుతున్నాయి. గిలక మాత్రం మూగదైపోయింది.

మంగళవారం పొద్దున మేక వాకిట్లోకి వచ్చింది. దాని మెడలో గంట ఊగుతోంది. ఆ గంటకి మోత లేదు. మేక నోరు తెరిచింది. ఆ నోట్లోంచి అరుపు రాలేదు. అలా నోరు తెరుచుకునే, కెజీయా వంకే చూస్తూ నిలబడింది.

అప్పుడు వల భుజాన వేసుకుంటూ నాన్న అడిగాడు. "ఏమే, మేక గంట నాలుక పీకేశావా?"

"లేదు నాన్నా. ఉంది."

"మరి మోగదేం? సరేలే, అదీ నీలాగే అలిగినట్టుంది." నవ్వుకుంటూ పడవ దగ్గరికి వెళ్ళిపోయాడు.

బుధవారం నాన్న చీకటితోనే పడవేసుకుని వెళ్ళాడు. తెల్లారేసరికి మంచు కమ్మేసింది. ఎలాంటి మంచనుకున్నావు? చెయ్యి చాపితే వేళ్ళు కనబడవు. గడప దాకా వచ్చి, లోపలికి రావాలా వద్దా అన్నట్టు ఆగింది.

మంచు పడితే ఆ ఊళ్ళో గుడిగంట కొడతారు. పడవలు ఆ మోత పట్టుకునే ఒడ్డుకి వస్తాయి. కెజీయా ఎంతసేపు చెవులొగ్గినా గంట వినబడలేదు. గోడలు తడుముకుంటూ గుడికి పరిగెత్తింది.

అక్కడ గంట కొట్టే ఓబేదు తాత చెమటలు కక్కుతూ తాడు లాగుతున్నాడు. పైన గంట అటూ ఇటూ ఊగుతోంది. మోత లేదు.

"గంటకి ఏమైంది తాతా?"

"ఏమైంది? చెవులు పగిలేలా మోగుతుంటే." ఓబేదు తాత ముఖం అదోలా పెట్టాడు. "ఎనిమిది పడవల్లో ఏడొచ్చేశాయి తల్లీ. మీ నాన్నదే రాలేదు."

కెజీయా తాడు పట్టుకుంది. తాడు వణుకుతోంది. ఆ వణుకు మోచేతి దాకా పాకింది. చెవి వరకూ మాత్రం రాలేదు.

అప్పుడు దానికి తట్టింది. మేక గంట నాన్నకీ వినబడలేదు కదా. మరి ఈ గంట వినబడుతుందా? గిలక సంగతీ మేక సంగతీ, పద్నాలుగు గుప్పెళ్ళ సంగతీ తాతకి చెప్పేసింది.

తాత తిట్టలేదు. తాడు లాగుతూనే అన్నాడు. "బియ్యం లెక్క బాగానే ఉంది. ఆకలిగా ఉన్నవాళ్ళు తింటారు. మరి పద్నాలుగుసార్లు దేన్ని చూశావే?"

"వేళ్ళని."

"అదీ సంగతి. మీ అమ్మ గుప్పెడు వేస్తూ ఇంట్లో ఒక్కోదాన్నీ పలకరించేది. ఇప్పుడు పలకరించేవాళ్ళు లేక మీ ఇంటి చెవులకి అన్నీ మూగబోయాయి. పో, పలకరించు. నేను ఆపకుండా కొడుతుంటాను."

కెజీయా ఇంటికి పరిగెత్తింది. మంచు ఈలోగా గడప దాటింది. పొయ్యి దాకా వచ్చింది.

గుప్పెట నిండా బియ్యం తీసుకుని, కిటికీలోంచి నూతి వైపు చూసింది. "స్తోత్రం తండ్రీ, గిలక కోసం. అమ్మ చేతులు నొప్పెట్టకుండా నీళ్ళు తోడుతుంది." కుండలో వేసింది. బయట ఎవరూ ముట్టుకోకుండానే గిలక కిర్రుమంది.

ఆ తర్వాత రెండో గుప్పెడు తీసింది. "స్తోత్రం తండ్రీ, మేక కోసం. నా పావడా అంచు నమిలినా, పాలు మాకే ఇస్తుంది." కుండలో వేసింది. మంచులో ఎక్కడో గంట గణగణమంది.

మూడో గుప్పెడు తీసింది. నాన్న పేరు చెప్పాలి. నాన్న లేకపోతే? ఏడుపొచ్చి గుప్పెట సడలింది. గింజలు రాలాయి.

అప్పుడు నాన్న పాట గుర్తొచ్చింది. గుళ్ళో అందరూ ఒక రాగంలో పాడితే, నాన్న ఒక్కడూ మేకలా ఇంకో రాగంలో పాడతాడు. అమ్మ మోచేత్తో పొడుస్తుంది. అయినా ఆపడు. అది తలుచుకోగానే, ఏడుస్తున్న కెజీయాకి ఫక్కున నవ్వొచ్చింది.

"స్తోత్రం తండ్రీ, నాన్న అపస్వరం కోసం" అంది నవ్వుతూనే. కుండలో గుప్పెట విప్పింది.

గణ్... గణ్... గుడిగంట ఇల్లంతా నిండింది. మంచు పొయ్యి దగ్గర్నుంచి గడప దాకా, గడప దగ్గర్నుంచి వీధి దాకా వెనక్కి జరిగింది.

కెజీయా ఒడ్డుకి పరిగెత్తి నిలబడింది. ఎంతసేపు చూసినా తెలుపే. ఆ తర్వాత ఆ తెలుపులోంచి, శుద్ధ అపస్వరంలో, ఒక పాట వచ్చింది. పాట వెనకే పడవ వచ్చింది.

"సముద్రానికి నోరు పడిపోయిందనుకున్నానే" అన్నాడు నాన్న, కెజీయాని ఎత్తుకుని. "తెడ్డు చప్పుడు కూడా లేదు. ఇందాకే గంట వినబడింది."

గురువారం అమ్మ వచ్చి కుండ చూసింది. "ఇంకా గురువారమే కదే, ఇంత నిండిందేం?"

"పదిహేడు గుప్పెళ్ళమ్మా" అంది కెజీయా. "మూడే లెక్కలోకి వస్తాయి."

ఇప్పుడు నువ్వు కళ్ళు మూసుకుని విను. ఏం వినబడుతోంది? ఫ్యానా? ఇంకా? నా గాజులా? సరే. రెండిటికీ స్తోత్రం చెప్పు. ఒకేసారి కాదు. ఒకదాని తర్వాత ఒకటి.

గుప్పెడు గింజలు కుండకి,
గుడిగంట మోత గుండెకి,
కథేమో కంచి దారికి,
మనమేమో దుప్పటి కిందికి.