ముళ్లపంది ఇంటికి వచ్చిన ఎలుగుబంటి

అనగనగా ఒక కొండ అడవి. అందులో ఓ ఇప్పచెట్టు మీద బుల్లెమ్మ అనే ఉడుత ఉండేది. చెట్టు కింది బొరియలో ముళ్లపంది కోటయ్య, అతని భార్య అచ్చమ్మ, ఇద్దరు పిల్లలు ఉండేవారు.

కోటయ్యకు కోపమొస్తే ముళ్లు నిక్కబొడుచుకునేవి. వాటితోనే పెళ్లాన్ని, పిల్లల్ని పొడిచేవాడు. ఆ ఏడుపులు వింటుంటే బుల్లెమ్మకు ముద్ద దిగేది కాదు.

తాబేలు తాతకు చెప్పింది. "వాళ్లింటి గొడవ మనకెందుకమ్మా!" అన్నాడు తాత.

నెమలి వదినకు చెప్పింది. "ముళ్లపంది కదే, గుచ్చుకోవూ మరి?" అని నవ్వింది వదిన.

"అచ్చమ్మకూ ముళ్లున్నాయిగా! ఆవిడ పిల్లల్ని ఏనాడైనా గుచ్చిందా?" అంది బుల్లెమ్మ.

ఆ అడవిని ఏలే ఏనుగమ్మ అప్పటికే ఒక ఏర్పాటు చేసింది. ఎవరింట్లోనైనా ఆడవాళ్లను, పిల్లలను కొడుతుంటే వడ్రంగిపిట్టకు చెప్పాలి. పిట్ట టకటకమని చెట్టును కొడితే కాపలా ఎలుగుబంటి నీలవేణి వచ్చి, కొట్టేవాళ్లను వాగు అవతలికి పంపేస్తుంది. కానీ ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

'కోటయ్యకు తెలిస్తే నా చెట్టు మొదలు కొరికేస్తాడేమో!' అని బుల్లెమ్మ కొమ్మ మీదే ఆగిపోయింది. ఉడుతలకూ భయమేస్తుంది పిల్లలూ. ఇంతలో కింద చిన్నపిల్ల కెవ్వుమంది. అంతే! బుల్లెమ్మ ఒక్క పరుగున వెళ్లి పిట్టకు చెప్పేసింది.

నీలవేణి వచ్చి గుమ్మంలోనే అడిగింది. "ఏమ్మా అచ్చమ్మా, అంతా బాగానే ఉందా?"

పక్కనే కోటయ్య. "బాగానే ఉందక్కా," అంది అచ్చమ్మ తల దించుకుని.

నీలవేణి వెనుదిరిగింది. బుల్లెమ్మ ఎదురెళ్లింది. "ఆయన పక్కనుంటే ఆమెకు నోరెలా పెగులుతుందక్కా? వాగు దగ్గరికి తీసుకెళ్లి అడుగు!"

నీలవేణి నెత్తి కొట్టుకుంది. "వేలెడంత లేవు గానీ, మంచి మాట చెప్పావే!"

వాగు దగ్గర అచ్చమ్మ అంతా చెప్పింది.

"నీకేం కావాలమ్మా?" అని అడిగింది నీలవేణి.

"నా పిల్లలతో ఆ బొరియలోనే భయం లేకుండా బతకాలక్కా."

నీలవేణి బొరియ దగ్గరికి తిరిగొచ్చి ఆ మాట చెబితే, కోటయ్య ఎగిరిపడ్డాడు. "నా ఇల్లు, నా ఇష్టం!"

"బొరియ ఇద్దరూ తవ్వారు. ఒళ్లు మాత్రం ఎవరిది వాళ్లదే. ఏనుగమ్మ ఆజ్ఞ, నడు వాగు అవతలి గట్టుకి!" అంది నీలవేణి. కోటయ్య ముళ్లు విప్పి మీదికి దూకాడు. అంత బొచ్చులో ఒక్క ముల్లూ దిగలేదు. చేసేది లేక అవతలి గట్టుకి నడిచాడు.

మర్నాడు చెట్టు కింద ఒకటే సందడి. చిన్నపిల్ల చెట్టెక్కబోయి జారి, దబ్బున పడింది. లేచి, ఎవరి వంకా బెదురుగా చూడకుండా, మళ్లీ ఎక్కడం మొదలుపెట్టింది.

నీతి: పక్కింట్లో ఎవరినైనా కొడుతుంటే అది మనకూ సంబంధించిన విషయమే, ఆపగలిగినవారికి వెంటనే చెప్పాలి.