ఉడుము పెట్టిన పరస్థానం

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక పుట్ట. ఆ పుట్టలో కొండాలు అనే ఉడుము ఉండేది.

కొండాలుకి ఒకటే కోరిక. వాగు అవతల మెట్టపొలాల మధ్య బొంతరాళ్ళ కోట ఉంది. దాన్ని చూడాలి. మేకల కాపరులు తప్ప అటు తొంగిచూసే వాళ్ళే లేరు. రాజులు పోయారు, తలుపులు పోయాయి, కప్పులు కూలిపోయాయి. ఒక్క పడమటి గోడ మాత్రం మిగిలింది.

ఆ గోడకో కథ ఉంది. వెనకటికి ఆ కోటని పట్టుకోవడానికి వచ్చిన సైనికులు కొండాలు ముత్తవ్వ నడుముకి తాడు కట్టారట. ముత్తవ్వ సరసరా పాకి, గోడ పైవరుస రాతిలో గోళ్ళు దించి పట్టు పట్టిందట. ఆ తాడు పట్టుకుని సైన్యమంతా పైకెక్కిందట. ఆ గోళ్ళ గీతలు రాతి మీద ఇప్పటికీ ఉన్నాయట.

ఆ గీతల్లో తన కాలు పెట్టి చూసుకోవాలని కొండాలు ఆశ. ఎండ కాచుకుంటున్నా, చీమలు ఏరుకుంటున్నా దాని చూపు వాగు అవతలికే పోయేది.

ఈ కథ చెప్పింది దిబ్బయ్య తాత. తాత తాబేలు. ఆ కోట దిగుడుబావిలోనే పుట్టాడు.

"గోడ మీంచి చూస్తే ఏం కనిపిస్తుంది తాతా?" అని కొండాలు ఓ రోజు అడిగింది.

"భలేదానివే! తాబేలు గోడెక్కడం ఎక్కడైనా ఉందా?" అన్నాడు తాత. "చిన్నప్పటి నుంచి కిందే తిరిగాను. పైన ఏముందో అని మెడ సాచి సాచి మెడ నొప్పి తప్ప ఏం మిగల్లేదు. నువ్వెక్కి చెప్పవే, వింటాను. నాకున్న కోరిక అదొక్కటే."

"తప్పకుండా పోదాం తాతా. కానీ పద్ధతిగా పోదాం."

ఆ అడవిలో పద్ధతి అంటే పరస్థానం. మంచి గడియ వచ్చింది, కానీ ఆ గడియకి బయల్దేరడానికి వీలు కాలేదనుకోండి. అప్పుడు మూట కట్టి పొరుగింట్లో పెట్టి రావాలి. మూట గుమ్మం దాటితే ప్రయాణం మొదలైనట్టే. వీలు కుదరగానే మూట తీసుకుని నడవాలి.

కొండాలు పొరుగున ఏదుపంది ఉండేది. అందరూ ముళ్ళత్త అని పిలిచేవాళ్ళు. నోరు కూడా ముళ్ళదే.

మాఘమాసంలో బల్లి మంచి గడియ చెప్పింది. కొండాలు ఎండబెట్టిన ఉసిళ్ళు, ముత్తవ్వలా నడుముకి కట్టుకోవడానికి మోదుగ నార తాడు మూట కట్టింది. ముళ్ళత్త ఇంట్లో పెట్టింది. తాత గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు.

"పదవే!"

"దారిలో ఎక్కడ ఆగాలి, ఏం తినాలి, ముందు ఏది చూడాలి, అన్నీ కనుక్కోవద్దా తాతా? మేకల్ని అడిగొస్తాను."

మేకల్ని అడిగింది. కొంగల్ని అడిగింది. ముందు దిగుడుబావి, తర్వాత ఏనుగుల సాల, చివరికి గోడ అని వరుస వేసుకుంది. వరుస వేసుకుంటుంటే సగం చూసేసినంత హాయిగా ఉంది. ఇంతలో ఎండలు ముదిరాయి. ఉసిళ్ళని చీమలు తినేశాయి.

తొలకరికి మళ్ళీ మంచి గడియ వచ్చింది. మళ్ళీ మూట వెళ్ళింది. మళ్ళీ తాత వచ్చాడు.

"ఇప్పుడు బురద తాతా. గోడ జారుతుంది. మొదటిసారి చూసేటప్పుడు అన్నీ బాగుండాలి కదా."

"గోడ నాకంటే ముసలిది కొండాలూ. ప్రతి వానకీ ఓ రాయి రాలుస్తోంది."

"ఇన్నాళ్ళు నిలబడింది. నా కోసం ఇంకో రెండు నెలలు నిలబడదా?"

తాత వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఈసారి మూటని ముళ్ళత్త పిల్లలు పరుపు చేసుకున్నారు.

భాద్రపదంలో మూడో మూట వెళ్ళింది. తాత వచ్చాడు. ఈసారి ఆగలేదు.

"నేను నడుస్తున్నాను. నాకు పన్నెండు రోజుల దారి. నీకు ఒక్క పూట. నీ వీలు చూసుకుని రా."

"నువ్వు నడుస్తూ ఉండు తాతా. ఆ పన్నెండో రోజుకి నీకంటే ముందే గోడ మీద ఉంటాను!" అని కొండాలు నవ్వింది.

మూడో రోజు బయల్దేరబోతే ముళ్ళత్త తుమ్మింది. ఎనిమిదో రోజు పిల్లి ఎదురొచ్చింది. పన్నెండో రోజు నుంచి వాన పట్టుకుంది. కొండాలు పుట్టలో పడుకుని గోడెక్కుతున్నట్టు కాళ్ళు ఆడించుకుంది. నాలుగు రోజులకి వాన వెలిసింది.

ముళ్ళత్త వచ్చి పుట్ట ముందు నిలబడింది.

"అమ్మా కొండాలూ! నీ మూట అత్తారింటికొచ్చిన కోడల్లా మా ఇంట్లో స్థిరపడిపోయింది. దాన్ని ఉంచుకోమంటావా, తీసుకుపోతావా?"

"నేను బయల్దేరినట్టే కదా అత్తా."

"బయల్దేరింది మూట. అది కూడా నా ఇంటి దాకానే. ఆ తాబేలు చూడు, ముహూర్తం లేదు, మూట లేదు. ఈపాటికి కోటలో కూర్చుని ఉంటాడు."

ఆ మాట కొండాలుకి ముల్లులా దిగింది. లేచింది. గడియ అడగలేదు. మూట తీసుకోలేదు. వాగు ఈది, మెట్టపొలాల గట్ల మీదుగా ఒకటే పరుగు. పొద్దు పడమటికి వాలకముందే కోటలో ఉంది.

ఒక్క పూటే పట్టింది.

దిగుడుబావి ఉంది. ఏనుగుల సాల ఉంది. పడమటి గోడ ఉండాల్సిన చోట ఆకాశం ఉంది. కింద రాళ్ళ గుట్ట. గుట్ట పక్కన దిబ్బయ్య తాత.

"ఎప్పుడు?" అంది కొండాలు.

"మొన్న. వాన మూడో రోజున. అంతకుముందు రెండు రోజులు గోడ నిలబడే ఉంది. నేను రోజంతా దారికేసే చూశాను."

కొండాలు రాయి రాయీ తడుముకుంటూ గుట్టంతా తిరిగింది. చివరికి ఒక రాయి దొరికింది. దాని మీద నాలుగు గీతలు. కాలు పెట్టి చూసుకుంది. సరిగ్గా సరిపోయింది.

ఎత్తు లేదు, గాలి లేదు. కాలు నేల మీదే ఉంది.

కాలు తీయకుండానే అడిగింది. "చాలా ఎత్తుండేదా తాతా?"

"చాలా ఎత్తు."

"పైనుంచి ఏం కనిపించేదో!"

తాత మెడ సాచి, గోడ లేని చోటుకేసి చూశాడు.

"ఆ మాట నువ్వు నాకు చెప్పాల్సింది కదే," అన్నాడు.

నీతి: మూట గుమ్మం దాటితే చాలదు, కాలు దాటాలి. మన వీలు కుదిరే దాకా ఏ గోడా నిలబడి ఉండదు.