చీపురుపుల్ల కొసన నిలిచినంత

"తుపాకీకి నూనె ఎంత పెట్టాల, ఉస్తాదూ?"

లింగప్ప ఈ ప్రశ్నను తన గురువు దస్తగిరి ఉస్తాదును మూడుసార్లు అడిగాడు. మొదటి రెండుసార్లు జవాబు రాలేదు. మూడోసారి వచ్చిన జవాబు కోసమే ఈ కథ ఇన్నాళ్ళు నిలిచింది. దీన్ని చెప్పేవాళ్ళలో ఒకరు ఇందులోకి పులిని తెస్తారు, మరొకరు నలభైమంది దొంగలను తెస్తారు. లింగప్ప మునిమనవడు చెప్పే కథలో మాత్రం ఒక్క ఎలుగుబంటే ఉంటుంది. సొంత వంశాన్ని పెద్దది చేసుకునే వీలుండి కూడా చిన్నగా చెప్పినవాడి మాటకే విలువ ఎక్కువ కనుక, ఇక్కడ ఎలుగుబంటినే ఉంచుతున్నాను.

గండిమడుగు సంస్థానం నల్లమల అంచున ఉండేది. అది చెకుముకి తుపాకుల కాలం. మీట నొక్కగానే 'గుర్రం' అనే కీలు ముందుకు దూకుతుంది. దాని నోట బిగించిన రాయి ఎదుటి ఉక్కు పలకను గీస్తుంది. రాలిన నిప్పురవ్వ కింది గిన్నెలోని రంజకం మందును అంటించాలి. అంటించిందా, అది తుపాకీ. లేదా, చేతిలో ఉన్నది బరువైన దుడ్డుకర్ర. కోటలోని ఆయుధశాలలో ఈ కీళ్ళ మంచిచెడ్డలు చూసేవాడు దస్తగిరి ఉస్తాదు. ఆయనకు ఒక అలవాటు ఉండేది. చీపురుపుల్ల కొసను నువ్వుల నూనెలో ముంచి, విదిలించి, మిగిలినదాన్ని కీలు తిరిగే ఇరుసు మీద తాకించేవాడు. ఆ తర్వాత పాతగుడ్డ తీసుకుని, పెట్టడానికి పట్టిన కాలానికి పదింతల కాలం తుడిచేవాడు. ఉస్తాదుకు నూనెబుడ్డి ఒకటిస్తే మూడు దసరాలు వస్తుందని కోటలో వేళాకోళం చేసేవారు. ఆ మాట ఆయన చెవిన పడేది. పడినా చీపురుపుల్ల మారలేదు.

లింగప్ప ఆయన దగ్గర చేరి రెండేళ్ళు కావస్తోంది. ఇరవై రెండేళ్ళవాడు, పనిమంతుడు. అతడు నూనె సంగతి మొదటిసారి అడగడానికి కారణం ఉంది. అంతకుముందు ఏడు కోతికనుమ అనే కొండదారిలో అతని చిన్నాన్న చనిపోయాడు. కావలికి వెళ్ళినవాడు దొంగలకు ఎదురుపడి తుపాకీ ఎత్తాడు. వానాకాలమంతా ఠాణా గోడకు వేలాడిన తుపాకీ అది. గుర్రం తుప్పుపట్టి బిగుసుకుంది. కదలలేదు. శవాన్ని, తుపాకీని ఒకే బండి మీద తెచ్చారు. అన్న ఓబన్నతో కలిసి ఆ బండికి ఎదురువెళ్ళినవాడు లింగప్ప. అప్పటినుంచి పొడిగా కనబడే ఇనుమును చూస్తే అతని చెయ్యి నూనెబుడ్డి వైపు పోయేది.

దసరాకు ఆయుధపూజ జరిగింది. తుపాకులన్నిటినీ వరసగా పేర్చి, దేవుడి విగ్రహాలకు చేసినట్టే వాటికీ నూనె రాసి, కుంకుమ పెట్టి, బంతిపూలు చుట్టడం ఆ కోట ఆచారం. పూజ మర్నాడు ఉప్పుబస్తాలు మోసే ఎద్దుల బిడారు కోతికనుమ దాటవలసి ఉంది. దానికి ఆరుగురు కావలివాళ్ళు తోడు. వాళ్ళలో నాయకుడు దఫేదారు వెంగళరాయుడు. ఆ ఆరుగురిలో ఓబన్న ఒకడు.

ఆ ఆరు తుపాకులనూ సిద్ధం చేసే పని లింగప్పది. పూజనాటి నూనె అలాగే ఉండగా అతడు దానిమీద ఇంకా పోశాడు. ఇరుసుకు, గుర్రాన్ని దూకించే కమానుకు, గుర్రానికి, ఉక్కు పలకకు, గిన్నె అంచులకు, చివరికి రాయికి కూడా పూశాడు. ఓబన్న తుపాకీ వంతు వచ్చేసరికి బుడ్డినే వంచాడు. నూనె కర్రమీదుగా కారి అతని మోచేతికి చేరింది. ఉస్తాదు గుమ్మంలో నిలబడి కాసేపు చూశాడు.

"లింగా, కమ్మరి వీధికి పోయి బొగ్గులు తేపో."

"బొగ్గులు బోలెడున్నాయి కదా, ఉస్తాదూ."

"ఇంకా తే."

అతడు గంపతో తిరిగివచ్చేసరికి కావలివాళ్ళు బయలుదేరి వెళ్ళిపోయారు. తుపాకులు లేవు. బల్లమీద ఐదు గుడ్డపేలికలు ఉన్నాయి. ఒకదాన్ని పిండి చూస్తే వేళ్ళ మధ్యనుంచి నూనె కారింది.

"తుడిచేసినావా?"

"ఐదు తుడిచినా. ఆరోదాన్ని దఫేదారు ముట్టనీలేదు. 'పిల్లోడు ముచ్చటపడి మెరిపించినాడు, మెరవనీ ముసలోడా, నీ పిసినారితనం నా తుపాకీ మీద చూపించొద్దు' అన్నాడు. ఆయన తుపాకీ, ఆయన ఇష్టం."

"మాయన్నది?"

"మొదట తుడిచింది అదే."

లింగప్ప గంపను కిందపడేశాడు. బొగ్గులు గదంతా దొర్లాయి. "మా చిన్నాన్న ఎట్లా పోయినాడో నీకు తెలీదా, ఉస్తాదూ? నూనె లేకనే కదా! తెలిసి తెలిసి మాయన్నను ఎండు తుపాకీతో ఆ కనుమకే పంపిస్తావా?"

"తెలుసు. బిగుసుకున్న ఆ కీలును విప్పింది నేనే."

"అయితే చెప్పు, ఎంత పెట్టాల?"

ఇది రెండోసారి. ఉస్తాదు వంగి బొగ్గులు ఏరుతూ, "మీయన్న రానీ, చెప్తా" అన్నాడు.

"రాకపోతే?"

ఉస్తాదు ఏరిన బొగ్గులను గంపలో పోసి మూలకు జరిపాడు. జవాబు తెలిసి దాస్తున్నాడని లింగప్పకు తోచింది. కానీ ఆ సాయంత్రంనుంచి ఉస్తాదు నమాజు ముగించుకుని నేరుగా ఇంటికి వెళ్ళక, కోట బురుజెక్కి కనుమదారి వైపు చూస్తూ నిలబడడం మొదలుపెట్టాడని బురుజు కావలివాడు తర్వాత చెప్పాడు. శిష్యుడికి ఆ సంగతి అప్పట్లో తెలియదు.

వెళ్ళిరావడానికి ఐదు రోజులు. మొదటిరోజు ఉస్తాదు ఒక ఇనుపరేకుకు నూనె దట్టంగా పూసి, కిటికీ గట్టుమీద పెట్టమని శిష్యుడికిచ్చాడు. ఎందుకని లింగప్ప అడగలేదు. అడిగే మనసు లేదు. రెండోరోజు ఇంటినుంచి వచ్చిన సంగటి ముద్ద మధ్యాహ్నానికి ఎలా ఉన్నది అలాగే తిరిగి వెళ్ళింది. వదిన రెండుసార్లు ఆయుధశాల గుమ్మందాకా వచ్చి వెళ్ళింది. అన్న తుపాకీ సంగతి ఆమెకు చెప్పే ధైర్యం అతనికి లేకపోయింది. ఐదోరోజు పొద్దు గుంకింది. బిడారు రాలేదు.

ఆరోరోజు మిట్టమధ్యాహ్నం ఎద్దుల గంటలు వినిపించాయి. లింగప్ప పనిముట్టు చేతిలో ఉండగానే పరుగెత్తాడు. తలలు లెక్కపెట్టాడు. ఆరూ ఉన్నాయి. నాలుగో తల ఓబన్నది. దుమ్ముకొట్టుకుపోయి, పళ్ళు మాత్రమే తెల్లగా కనబడుతూ నవ్వుతున్నాడు. దఫేదారు ఎడమచేతికి తలపాగా గుడ్డ చుట్టి ఉంది. లింగప్ప అన్న భుజాలు పట్టుకుని, ఏడుపో నవ్వో తెలియని గొంతుతో, "ఒకరోజు ఆలస్యమెందుకైంది?" అని తిట్టినట్టే అడిగాడు.

"నెత్తురు పోయి పడిపోతే ఈయన్ను మోసుకొచ్చేసరికి" అన్నాడు ఓబన్న, దఫేదారును చూపించి. "మనిషి మీసాలకంటే బరువున్నాడు తమ్ముడూ."

"మోసింది చాలుగాని, జరిగింది చెప్పు" అని దఫేదారు కసిరి, ఆ వెంటనే తానే చెప్పాడు. "కనుమ మలుపులో ఎలుగుబంటి. పిల్లలున్నది. నా మీదికే వచ్చింది. మూడుమాట్లు మీట నొక్కినా, అయ్యా! రాయి ఉక్కుమీద జారిపోయిందేగాని ఒక్క రవ్వ రాల్లేదు. చెయ్యి దాని నోట్లో ఉంది. అప్పుడు ఓబుడు కాల్చినాడు."

ఎలుగు చచ్చిందా అన్నదానికి రుజువు లేదు. లోయలోకి దొర్లిందని ఒకరన్నారు, పిల్లలను తీసుకుని పారిపోయిందని మరొకరన్నారు. చప్పుడుకు బెదిరి చేతిని వదిలిందన్నంతవరకు అందరిదీ ఒకే మాట. ఇక్కడ ఒక అనుమానం న్యాయమైనదే. ఆ తరహా తుపాకీ ఎంత బాగా చూసుకున్నా ఏ ఆరేడు మాట్లకో ఒకసారి మొండికెయ్యడం మామూలు. ఒకటి పేలి ఒకటి పేలనంతమాత్రాన నూనెను ముద్దాయిని చేయడానికి లేదు. ఉస్తాదుకూ ఆ అనుమానం ఉన్నట్టుంది. కథ విని సంతోషంతో గంతులేసే గుంపును పక్కకు జరిపి, రెండు తుపాకులనూ బల్లమీద పెట్టించి, కీళ్ళు విప్పాడు.

దఫేదారుదాంట్లో ఐదురోజుల దారిదుమ్ము, పూజ కుంకుమ, నూనె కలిసి పాయసంలా చిక్కబడ్డాయి. ఉక్కు పలక వేలితో రాస్తే జారింది. పలకనుంచి కారిన నూనె గిన్నెలోకి దిగి రంజకాన్ని నల్లటి ముద్ద చేసింది. ఉస్తాదు కిటికీ గట్టుమీది ఇనుపరేకును తెచ్చి పక్కన పెట్టాడు. దానిమీదా అదే మడ్డి, అదే మందం.

దఫేదారు రెండింటినీ మార్చి మార్చి చూశాడు. "నీ పిసినారితనం కాస్త నాకూ ఇచ్చుంటే బాగుండేది, ముసలోడా" అన్నాడు. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా ఆయనే నవ్వాడు.

ఓబన్న తుపాకీ కీలు విప్పితే పలక పొడిగా ఉంది, రాయి పొడిగా ఉంది, గిన్నె పొడిగా ఉంది. లింగప్ప వంగి చూశాడు. అప్పుడతనికి ఇరుసు మొదట్లో, కమాను గుర్రాన్ని తాకే చోట, ఆవగింజంత మెరుపు కనబడింది. వేలు పెట్టి చూస్తే తడి.

"ఉస్తాదూ, నూనె ఉందే!"

"లేదనుకున్నావా?"

"అంతా తుడిచేసినావనుకున్నా. ఐదురోజులూ..." అతడు ముఖం తుడుచుకుని, ఈసారి నెమ్మదిగా అడిగాడు. "ఇది ఎంత? ఎంత పెట్టాల?"

ఇది మూడోసారి.

ఉస్తాదు చెవి వెనకనుంచి చీపురుపుల్ల తీసి అతని చేతిలో పెట్టాడు. తర్వాత సగంపైగా మిగిలిన నూనెబుడ్డిని కూడా తీసి అందించాడు. గుమ్మంలో ఓబన్న, అతని పక్కనే అప్పుడే పరుగున వచ్చి రొప్పుతున్న అతని భార్య నిలబడి ఉన్నారు. ఉస్తాదు గడ్డంతో అటు చూపించాడు.

"తుపాకీకి పుల్లతో పెట్టు. ఈ బుడ్డి తీసకపోయి మీయన్నకు తలంటు. ఆడ కొలత లేదు."