బురదదారిన మంచుకొండకు వెళ్ళిన హేలావతి

ఏడు సముద్రాలు దాటిన రాజకుమారుల కథలు మీరు చాలానే విని ఉంటారు. ఇది సముద్రాల కథ కాదు, బురద కథ. మోకాలిలోతు బురద, నడుములోతు బురద! ఆ బురదలో పడి నడిచింది ఒక రాజుగారి కూతురు.

ఆ రాజు పేరు మహీధరుడు. ఆయన రాజ్యంలో వెన్నేరు అనే నది పారేది. నీళ్ళు పాలలా తెల్లగా ఉండేవి. మండువేసవిలో కూడా వేలు పెడితే జివ్వుమనేవి. ఉత్తరాన మేఘాలకవతల ఒక మంచుకొండ ఉందనీ, దాని మీదినుంచి గడ్డకట్టిన నది ఒకటి పెద్ద నాలుకలా కిందికి వేలాడుతుందనీ, ఆ నాలుక కొసన కరిగిన నీళ్ళే వెన్నేరనీ పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. చూసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

ఒక ఏడాది వెన్నేరు ఆగిపోయింది. పడవలు ఇసుకలో కూర్చున్నాయి. ఆడవాళ్ళు చెలమలు తవ్వి దోసెడు నీళ్ళ కోసం పొద్దంతా కాచుకున్నారు. చేలు ఎండాయి, పశువులు అరిచాయి. అప్పుడు కొండలమీదినుంచి వచ్చిన గొర్రెల కాపరి ఒకడు రాజుగారితో చెప్పాడు:

"మహారాజా, మంచుకొండ కింద శీతకర్ణుడనే మాంత్రికుడు మకాం పెట్టాడు. నది హోరుకు వాడికి నిద్ర పట్టడం లేదట. అందుకని నదిని పుట్టినచోటనే గడ్డకట్టించేశాడు."

రాజుకు ముగ్గురు పిల్లలు. పెద్దవాడు గజసేనుడు ఏనుగెక్కి బయల్దేరాడు. దారిలో ఎర్రబురద వచ్చింది. ఏనుగు నాలుగడుగులు వేసి కూరుకుపోయింది. మోకులు కట్టి లాగితే గాని బయటికి రాలేదు. గజసేనుడు వెనక్కి వచ్చేశాడు.

రెండోవాడు అశ్వసేనుడు గుర్రమెక్కి బయల్దేరాడు. ఎర్రబురద ఎలాగో దాటాడు. తర్వాత నల్లబురద వచ్చింది. గుర్రం పొట్టదాకా దిగిపోయింది. అశ్వసేనుడూ వెనక్కి వచ్చేశాడు.

మూడోది హేలావతి. చిన్నప్పటినుంచీ ఆ పిల్లకు ఒకటే కోరిక, వెన్నేరు పుట్టేచోటు చూడాలని.

"నాన్నగారూ, నేను వెళ్తాను."

"ఏనుగు పోలేని దారి, గుర్రం పోలేని దారి. నువ్వెలా పోతావమ్మా?"

"ఏనుగు బరువెంత, గుర్రం బరువెంత, నేనెంత నాన్నగారూ? నేను నడిచి పోతాను."

అన్నలు నవ్వారు. రాజు మాత్రం నవ్వలేదు. కూతురి తలమీద చెయ్యి పెట్టి సరేనన్నాడు. హేలావతి చీర ఎగ్గట్టింది, అటుకులూ బెల్లమూ మూట కట్టింది, చేతికర్ర పట్టుకుంది. భయం వేయలేదా అంటే, వేసింది. కాని భయం వెనక నడుస్తుంటే సంబరం ముందు పరుగెత్తుతోంది!

నడిచింది, నడిచింది, నడిచింది. ఎర్రబురద వచ్చింది. కాలు పెడితే పసక్! కాలు తీస్తే చబుక్! ఒక చెప్పు బురద మింగేసింది.

"పాడు బురద!" అంది హేలావతి.

"బురదను తిట్టకు పిల్లా. దానికి వినిపిస్తుంది" అన్నారెవరో. చూస్తే పెద్ద దున్నపోతు, మెడదాకా బురదలో మునిగి హాయిగా పడుకుని ఉంది.

"నా కాలు వదలడం లేదు మరి!"

"లాగితే వదలదు. ముందు మడమ ఎత్తు. మెల్లగా తిప్పు. ఇప్పుడు తియ్యి. చూశావా? గడ్డిదుబ్బు కనబడితే దానిమీద అడుగెయ్యి. పైన తళతళ మెరిసేచోట వెయ్యకు, అది లోతు. ఆ రెండో చెప్పు ఎందుకింకా? విసిరెయ్యి!"

హేలావతి చెప్పు విసిరేసింది. మడమ ఎత్తి, తిప్పి, తీసి నడిచింది. దున్నపోతు చెప్పిన ఉపాయం చెప్పినట్టే పనిచేసింది. వేళ్ళ సందుల్లోంచి బురద చల్లగా పైకి వస్తుంటే ఆ పిల్లకు నవ్వాగలేదు.

నడిచింది, నడిచింది, నడిచింది. నల్లబురద వచ్చింది. పైనుంచి వాన కూడా మొదలయింది. జారి పడింది, లేచింది, మళ్ళీ పడింది. ఒళ్ళంతా కాటుకలా నల్లనయింది. అంతలో ఒక కప్ప టపుక్కున ఎగిరి మూటమీద కూర్చుంది.

"ఎక్కడికమ్మా ప్రయాణం?"

"మంచుకొండకు."

"నన్నూ తీసుకుపో! పుట్టి బుద్ధెరిగాక ఈ నల్లబురద తప్ప ఇంకేమీ చూళ్ళేదు."

"చలికి తట్టుకోగలవా?"

"అటుకుల్లో దూరి కూర్చుంటా. ఒక్కటి మాత్రం ముందే చెబుతున్నా, అరవకుండా ఉండలేను."

"అరుచుకో. తోడుగా ఉంటుంది" అంది హేలావతి.

నడిచింది, నడిచింది, నడిచింది. ఈసారి బూడిదరంగు బురద వచ్చింది. నానబెట్టిన పిండిలా మెత్తగా, చల్లగా ఉంది. దాని మధ్య ఒక కొంగ దిగబడిపోయి ఉంది. పొడుగు కాళ్ళు కనబడటం లేదు. రెక్కలు కొట్టుకున్నకొద్దీ ఇంకా దిగుతోంది.

"దగ్గరికి రాకు తల్లీ, నువ్వూ దిగబడతావు" అంది కొంగ.

హేలావతి ఆలోచించింది. నిలబడితే దిగబడుతుంది, పడుకుంటే? బురదమీద బోర్లా పడుకుని చేతికర్ర చాచింది. కొంగ ముక్కుతో కర్ర గట్టిగా పట్టుకుంది. హేలావతి వెనక్కి పాకుతూ లాగింది. ఊ! ఊ! చబుక్కుమని కొంగ బయటపడింది.

"నేనూ నీతోనే వస్తాను. దారి పైనుంచి చూసి చెబుతాను" అంది కొంగ.

ఇంకాస్త ఎక్కేసరికి ముఖానికి చల్లటి గాలి తగిలింది. వాన వెలిసింది, మబ్బు విడిపోయింది. హేలావతి తల ఎత్తింది.

ఎదురుగా మంచు! ఆకాశం అంచునుంచి తన కాళ్ళ ముందుదాకా ఒకటే మంచు! పైన తెల్లగా, పగుళ్ళలో నెమలికంఠం నీలంగా, కొసన కోటగోడంత ఎత్తున నిలబడి ఉంది. గోడ అడుగున గుహ. వెన్నేరు పుట్టే నోరు అదే! చూడాలని చూడాలని కలలుగన్న చోటు అదే! హేలావతి కాళ్ళ నొప్పి మరిచిపోయి గంతులేస్తూ గట్టిగా అరిచింది, "వచ్చేశాను!"

"ష్ష్ష్!" అంది గుహ లోపలినుంచి ఒక గొంతు.

చేటంత చెవుల్లో ఉన్ని కుక్కుకుని, మంత్రదండం పట్టుకుని, శీతకర్ణుడు బయటికి వచ్చాడు. వాడి వెనక మంచుగడ్డలో ఒక యువకుడు బొమ్మలా నిలబడి ఉన్నాడు.

"మెల్లగా మాట్లాడు! ఎవరు నువ్వు?"

"వెన్నేటి కింది రాజ్యం మాది. మా నదిని వదిలిపెట్టండి. అక్కడ జనం గొంతు తడుపుకోవడానికి నీళ్ళు లేవు."

"అదిగో, ఆ ఉదయకేతు కూడా ఇలాగే అడిగాడు. ఆయనా ఎక్కడో రాజకుమారుడట. మూడు పనులు చెప్పాను. మొదటిదే చెయ్యలేక మంచుగడ్డ అయ్యాడు. నీకూ అవే పనులు. చేస్తే నదిని వదులుతాను."

"చెప్పండి" అంది హేలావతి.

"ఇదిగో కుండ. పొద్దు ఆ శిఖరం దాటేలోగా నింపు. నిప్పు రాజెయ్యకూడదు."

చుట్టూ ఎటు చూసినా మంచే, చుక్క నీరు లేదు. హేలావతి తన చీరవంక చూసుకుంది. ఎండలో నల్లరాయి కాలినంతగా తెల్లరాయి కాలదని ఆ పిల్లకు తెలుసు. చీరకంటిన నల్లబురద గీకి, మంచు వాలుమీద పలచగా పూసి, కింద కుండ పెట్టింది. ఎండ ఆ నలుపును పట్టుకుంది. టప్! టప్! టపటపటప! పొద్దు శిఖరం చేరకముందే కుండ పొర్లింది.

మాంత్రికుడు పళ్ళు నూరాడు. "పగుళ్ళ నడుమ మంచుపువ్వు ఉంది. తెచ్చిపెట్టు."

అవి మామూలు పగుళ్ళా! రాయి వేస్తే చప్పుడు వినబడనంత లోతు. కొన్నిటిమీద పలచటి మంచు పరదాలా కప్పుకుని ఉంది. కొంగ పైకి ఎగిరింది.

"కుడికి! ఇంకా కుడికి! అక్కడ ఆగు, ముందు పగులుంది!"

కొంగ చెప్పేది, హేలావతి కర్రతో పొడిచి చూసి అడుగు వేసేది. ఒకసారి కర్ర కసుక్కున లోపలికి దిగింది. కాలు వెనక్కి తీసుకుని చుట్టూ తిరిగి వెళ్ళింది. పువ్వు తెచ్చి మాంత్రికుడి చేతిలో పెట్టింది.

"సరే. నా ప్రాణం ఎక్కడుందో చెప్పు" అన్నాడు వాడు. ఇది ఎవరికీ తెలియదని వాడి ధీమా.

హేలావతి మూట విప్పింది. "కప్పా, ఇప్పుడు అరుచుకో. గుహంతా తిరుగుతూ అరుచుకో!"

ఆ మాట కోసమే కాచుకున్నట్టు కప్ప గెంతింది. తూర్పుగోడ దగ్గర అరిచింది, బెక బెక! మాంత్రికుడు చెవులు మూసుకున్నాడు. పడమటిగోడ దగ్గర అరిచింది, బెక బెక! చెవులు మూసుకున్నాడు. గుహ నడుమనున్న మంచుస్తంభం దగ్గర అరిచింది, బెక బెక! ఈసారి వాడు చెవులు మూసుకోలేదు. రెండు చేతులతో గుండె పట్టుకున్నాడు.

హేలావతి పరుగెత్తి స్తంభంలోకి తొంగిచూసింది. లోపల ఆకుపచ్చగా ఏదో ఉంది. చిలక! రెక్కలు ముడుచుకుని, ముక్కు మూసుకుని, మంచులో బిగిసిపోయి ఉంది.

"మీ ప్రాణం ఈ చిలకలో ఉంది!"

"చెప్పావు గాని తియ్యలేవుగా! అది ఎవరితోనూ వాగకుండా అంత మంచు కప్పాను. నది లేదు, గిది లేదు!" అంటూ వాడు మాట తప్పి దండం ఎత్తాడు.

హేలావతి పాదాలు గడ్డకట్టాయి. అయినా ఆ పిల్ల చిలకనే చూసింది. కప్ప మళ్ళీ అరిచినప్పుడు దాని ముక్కు కొద్దిగా కదిలింది. మాట్లాడాలని దానికెంత ఆశో!

"చిలకమ్మా, నీ పేరేమిటి?"

మంచులో చిలక కన్ను తెరిచింది. హేలావతికి మోకాళ్ళదాకా మంచు పట్టింది.

"చిలకమ్మా, నీకు ఏ పండు ఇష్టం?"

చిలక రెక్క విదిలించింది. స్తంభంమీద సన్నటి గీత పడింది. హేలావతికి నడుందాకా మంచు పట్టింది. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

"చిలకమ్మా! ఇన్నాళ్ళూ నిన్ను మాట్లాడనివ్వనిది ఎవరు?"

ఫెళ్ళున స్తంభం పగిలింది!

"వీడే! వీడే! నా పేరు పలుకుతేనె! నాకు జామపండు ఇష్టం! ఒక్క మాట, ఒక్క మాట కూడా ఆడనివ్వలేదు! వీడే!" అని వాగుతూ చిలక వచ్చి హేలావతి చేతిలో వాలింది.

మాంత్రికుడి చేతిలోంచి దండం జారిపోయింది. "దాన్ని చంపకు! చంపితే నేనూ చస్తాను!"

"నేనెందుకు చంపుతాను? ఇప్పుడే కదా మాట్లాడటం మొదలుపెట్టింది! నదిని వదులు. ఆయన్ను వదులు. నన్ను వదులు. దండం విరిచెయ్యి."

శీతకర్ణుడు మంత్రాలన్నీ వెనక్కి తీసుకుని దండం విరిచేశాడు. తర్వాత దిగులుగా అడిగాడు, "మరి నాకు నిద్ర?"

"కొండకవతల గాలి కూడా దూరని లోయ ఉంది. అక్కడ పిట్ట కూడా కూయదు" అంది కొంగ. వాడి ముఖం వెలిగిపోయింది. చెవుల్లో ఉన్ని సర్దుకుని కొండ దాటి వెళ్ళిపోయాడు, మళ్ళీ తిరిగి రాలేదు.

ఉదయకేతు మంచులోంచి బయటపడి ఏనుగులా తుమ్మాడు.

"నది వస్తోందా?"

"వస్తోంది."

"ఎప్పుడు?"

కొండ లోపల ఉరుములాంటి చప్పుడు. హేలావతి కప్పను మూటలో వేసుకుంది.

"ఇప్పుడే! పరుగెత్తు!"

పరుగో పరుగు! వెనక వెన్నేరు నురగలు కక్కుతూ దూకుతోంది. బూడిదబురద వాలుమీద కూర్చుని జర్రున జారారు. నల్లబురదలో పడి లేచి పరుగెత్తారు. ఎర్రబురదలో కాళ్ళు ఆగిపోయాయి.

"ఎక్కండి!" అని దున్నపోతు అడ్డంగా వచ్చి నిలబడింది. ఇద్దరినీ వీపుమీద వేసుకుని గట్టెక్కింది. అదే క్షణాన వాళ్ళ కాళ్ళకింద వెన్నేరు హోరుమని దాటిపోయింది!

ఉదయకేతుకు తలనుంచి పాదాలదాకా బురదే. కళ్ళు మాత్రం కనబడుతున్నాయి. తనను తాను చూసుకుని కడుపు పట్టుకుని నవ్వాడు. బురదలో పడి చిరాకుపడిన రాజకుమారులను ఇద్దరిని ఎరుగును గాని, ఇలా నవ్వినవాణ్ణి హేలావతి చూడటం అదే మొదలు.

"చూడు, నీకు ఇష్టమైతే నిన్నొకటి అడగాలని..."

"ముందు ముక్కుమీద బురద తుడుచుకో" అంది ఆ పిల్ల. అంది గాని, తన చీర చెంగే అందించింది.

"ఇష్టమే! ఇష్టమే!" అని చిలక అరిచింది. హేలావతి దాన్ని కాదనలేదు.

కింద ఊళ్ళలో జనం హోరు విని ఒడ్డుకు పరుగెత్తుకొచ్చారు. ఇసుకలో కూర్చున్న పడవలు ఒక్కొక్కటే లేచాయి. పిల్లలు బట్టలతోనే నీళ్ళలో దూకారు. మహీధరుడు కిరీటం తీసి గట్టునపెట్టి, దోసిళ్ళతో నీళ్ళు ముఖాన కొట్టుకుంటూ ఏడ్చాడు, నవ్వాడు. దున్నపోతుమీద వస్తున్న కూతుర్ని దూరాన్నుంచి గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక వదలలేదు.

"చెల్లీ, మేం నవ్వి ఉండకూడదు" అన్నారు అన్నలు. పెళ్ళికి తాటాకు పందిరి వాళ్ళే స్వయంగా వేశారు. ఊరూరా భోజనాలు జరిగాయి, మేళాలు మోగాయి. రాజు సభ పిలిచి, నదిని తెచ్చిన కూతురికే సింహాసనం ఇస్తానంటే అన్నలే ముందుగా సరేనంటూ చేతులెత్తారు.

హేలావతి, ఉదయకేతు చాలాకాలం చల్లగా ఏలారు. వాళ్ళ ఏలుబడిలో పిల్లలు నడక నేర్వకముందే ఈత నేర్చేవాళ్ళట. అంతటి నీళ్ళు, అంతటి పంటలు! ఇక లేవండి, కాళ్ళు కడుక్కుని అన్నాలకు రండి.