గుడ్డింటికి కిటికీ పెట్టించిన సన్యాసమ్మ

మీ తాతలకు తాతలు ఇంకా ఉయ్యాల దిగని రోజులవి. కొండకి ఈ పక్క, ఏటికి ఆ పక్క ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో ఒక పాత ఇల్లుండేది. పైన తాటాకు కప్పు. చుట్టూ మట్టిగోడలు, ఒక్కోటీ ఎద్దు వీపంత మందం. గదులున్నాయి, గాదెలున్నాయి, ముందు ఒక పెద్ద తలుపుంది. కిటికీ మాత్రం ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఎందుకు లేదంటే, దానికో కథుంది. వెనకటికి ఆ ఇంటికీ కిటికీలుండేవట. ఒకనాడు గుర్రాల మీద దొంగలొచ్చారు. తలుపు విరగ్గొట్టలేక కిటికీలోంచి దూరారు. అన్నదమ్ములిద్దరిలో ఇంటిపెద్దయిన అన్నని, అన్నం తింటున్నవాణ్ణి తింటున్నట్టే చంపేశారు. తమ్ముడొక్కడే మిగిలాడు. ఆ తమ్ముడు ఏడ్చి ఏడ్చి లేచి, మట్టి తొక్కించి, రాళ్ళు మోయించి, ఉన్న కిటికీలన్నీ పూడ్పించేశాడు. "ఈ ఇంటికి ఇక కళ్ళు వద్దు" అన్నాడు. అదే మాట పట్టుకుని బతికాడు, అదే మాట చెప్పి పోయాడు.

దొంగలు పోయారు. వాళ్ళ గుర్రాలూ పోయాయి. ఆ మాట మాత్రం ఉండిపోయింది. మిట్టమధ్యాహ్నం కూడా ఆ ఇంట్లో దీపం వెలగాలి. ఊళ్ళో వాళ్ళు దాన్ని గుడ్డిల్లు అనేవారు. దాని పక్క వీధిలోంచి వెళ్ళేవాళ్ళు గోడకి ఎడంగా, గబగబా నడిచి పోయేవారు.

ఆ తమ్ముడి కూతురే సన్యాసమ్మ.

సన్యాసమ్మకి చిన్నప్పుడే పెళ్ళయింది. చిన్నప్పుడే మొగుడు పోయాడు. అత్తవారు ఒక పనసకర్ర పెట్టెతో, రెండు కోకలతో పుట్టింటికి పంపేశారు. వచ్చిన రోజు తండ్రి, "వచ్చేవా తల్లీ, వంటింట్లోకి వెళ్ళు" అన్నాడు. సన్యాసమ్మ ఏమీ అనలేదు. వెళ్ళి పొయ్యి ముందు కూర్చుంది. తండ్రి పోయాక అన్న, "చెల్లీ, వంటిల్లు నీదే" అన్నాడు. సన్యాసమ్మ ఏమీ అనలేదు. పొయ్యి ముందు కూర్చుంది. అన్న పోయాక మేనల్లుళ్ళు ముగ్గురూ పెద్దవాళ్ళయి, "అత్తా, నువ్వు లేకపోతే మాకు ముద్ద దిగదు" అన్నారు. అప్పుడూ ఏమీ అనలేదు. పొయ్యి ముందు కూర్చుంది.

అలా కూర్చునే ఆవిడ జుట్టు తెల్లబడింది. ఆ చీకట్లో ఆ సంగతి ఆవిడకే తెలియదు.

చోళ్ళు విసిరేది, అంబలి కాచేది, చారు పెట్టేది. ఉప్పెక్కడుందో, పప్పెక్కడుందో వేళ్ళకి తెలుసు. పొగ బయటికి పోయే దారి లేక గదంతా తిరిగి తిరిగి, తాటాకుల సందుల్లోంచి కాస్త కాస్తగా పోయేది. మిగిలింది మనుషుల గుండెల్లోకి పోయేది. వదిన దగ్గుతో పోయింది. పెద్ద మేనల్లుడి భార్య దగ్గుతో పోయింది. నడిమివాడి భార్యా అలాగే పోయింది. "మన ఇంటికి ఆడవాళ్ళు అచ్చిరారు" అనుకున్నారు మగవాళ్ళు.

చివరికి చిన్నవాడు గవరయ్యకి పెళ్ళయింది. ఆదిలక్ష్మి అనే పిల్ల కాపరానికి వచ్చింది. వచ్చిన ఏడాదికే ఆ పిల్లకీ దగ్గు పట్టుకుంది. పైగా కడుపుతో ఉంది. వంటింటి మూల చాప మీద పడుకుని దగ్గేది. సన్యాసమ్మ ఆ పిల్ల వీపు నిమిరేది. ఇంతకు ముందు ఎన్ని వీపులు నిమిరిందో ఆ చేతికి గుర్తుంది.

ఆ ఏడు వానలు పట్టుకుని వదల్లేదు. కొండ తడిసింది, ఏరు పొంగింది, మట్టిగోడ నాని నాని, ఒక తెల్లవారుజామున వంటింటి పడమటి గోడ నీళ్ళు చల్లిన పాలపొంగులా కిందికి జారిపోయింది. అదృష్టం కొద్దీ అటు ఎవరూ లేరు.

తెల్లారింది. వాన వెలిసింది. ఆ ఇంట్లోకి వెలుగొచ్చింది.

సన్యాసమ్మ పొయ్యి ముందు నిలబడి చూసింది. ముందు తన చేతులు చూసుకుంది. ముడతలు పడి, నరాలు తేలి ఉన్నాయి. ఇవి నావేనా అనుకుంది. తరవాత చాప మీదున్న ఆదిలక్ష్మిని చూసింది. దీపం వెలుగులో ఆ పిల్ల మొహం ఎప్పుడూ సగమే కనిపించేది. గొంతు బొంగురు కాబట్టి పెద్దదే అనుకుంది. ఇప్పుడు చూస్తే బుగ్గలింకా పసిగానే ఉన్నాయి.

"ఇంత చిన్నదానివా అమ్మీ నువ్వు" అంది.

ఆదిలక్ష్మి పలకలేదు. నిద్రపోతోంది. పడిన గోడ మీదుగా ఏటిగాలి వచ్చి ఆ పిల్ల నుదుటి మీద జుట్టు కదుపుతోంది. పొద్దెక్కేదాకా ఒక్కసారి కూడా దగ్గలేదు.

మూడో రోజుకి మేస్త్రీ వచ్చాడు. కూలీలు మట్టి తొక్కుతున్నారు. పెద్ద మేనల్లుడు అప్పలస్వామి వచ్చి, "గోడ ఎలా ఉండేదో అలాగే లేపండి. ఎలాగూ మనుషుల్ని పెట్టాం కాబట్టి మిగతా గోడలూ మెత్తించండి, కప్పు కూడా మార్పించండి. పాత ఇంటిని కొత్తగా చేద్దాం" అన్నాడు.

సన్యాసమ్మ వెళ్ళి గోడ పడిన చోట, ఆ మట్టి మీద కూర్చుంది.

"అత్తా, లే. గోడ కట్టాలి" అన్నాడు అప్పలస్వామి.

"కట్టించు నాయనా. ఒక కిటికీ పెట్టించు."

అప్పలస్వామికి తను సరిగ్గా విన్నాడా లేదా అని అనుమానం వచ్చింది. అత్త నోట ఫలానాది కావాలన్న మాట అతను పుట్టాక వినలేదు.

"దొంగలొస్తే ఏటి చేస్తావత్తా?"

"కిటికీ కింద నా మంచం వెయ్యి. ఎవడొచ్చినా నన్ను దాటి రావాలి."

అప్పలస్వామి వెళ్ళి నడిమివాడైన తవిటినాయుణ్ణి పంపాడు. తవిటినాయుడు వచ్చి, "తాత మాట దాటుతామా అత్తా? కళ్ళు వద్దన్నాడు గదా" అన్నాడు.

"ఆయన మీకు తాత. నాకు తండ్రి. మనల్ని బతికించుకోడానికే మూశాడు. నేనూ అందుకే తెరవమంటున్నాను. మీ అమ్మ ఎలా పోయిందో చూశావు. నీ పెళ్ళాం ఎలా పోయిందో చూశావు. ఇంకెన్ని చూడాలి?"

తవిటినాయుడు తల వంచుకుని వెళ్ళిపోయాడు. గవరయ్య వచ్చాడు. అతనికి సిగ్గెక్కువ. "వీధిలో పోయేవాళ్ళంతా వంటింట్లోకి చూస్తారత్తా" అన్నాడు.

"చూడనీ. మనమూ వాళ్ళని చూద్దాం. నీ పెళ్ళాం రాత్రి నిద్రపోయింది, నీకు తెలుసా?"

గవరయ్యకి తెలుసు. అతను వెళ్ళి అన్నలతో మాట్లాడాడు. సాయంత్రానికి ముగ్గురూ కలిసి వచ్చారు.

"ఒక్కటే" అన్నాడు అప్పలస్వామి. "దానికైనా కర్ర లేదు. వానల్లో అడివికి బండి పోదు."

సన్యాసమ్మ లోపలికి వెళ్ళింది. తన పనసకర్ర పెట్టె ఈడ్చుకొచ్చింది. లోపలున్న రెండు కోకలూ తీసి భుజాన వేసుకుని, పెట్టెని వడ్రంగి ముందు పెట్టింది.

"ఇది చాలుతుందా?"

చాలింది. పెట్టె పక్కలు చట్రమయ్యాయి, అడుగు ఊచలయింది, పువ్వులు చెక్కిన మూత రెండు రెక్కలయింది. వంటింటి పడమటి గోడకి, మనిషి నడుమెత్తున, కిటికీ కూర్చుంది.

పొగ ఆ కిటికీలోంచి పోయింది, గాలి ఆ కిటికీలోంచి వచ్చింది. కాని వీధిలో మనుషులు మాత్రం ఎప్పట్లాగే గోడకి ఎడంగా, గబగబా పోతున్నారు. సన్యాసమ్మ ఒక పొద్దంతా చూసింది. రెండో పొద్దూ చూసింది. మూడో పొద్దున ఉప్పు అమ్ముకునే నూకాలు ఎండలో గంప ఎత్తుకుని పోతుంటే, ఊచల మధ్యనుంచి ముంత పట్టుకున్న చెయ్యి చాపి, "దాహమా అమ్మా?" అంది.

గుడ్డింటి గోడలోంచి చెయ్యి వచ్చేసరికి నూకాలు గంప అక్కడే పడేసి పరుగెత్తింది. ఉప్పు మట్టిలో ఒలికింది. నాలుగడుగులు పోయి వెనక్కి తిరిగి చూస్తే, చెయ్యి ఇంకా అక్కడే ఉంది. ముంత ఇంకా అక్కడే ఉంది.

"అంబలి. మజ్జిగ పోసి కలిపేను. నీ ఉప్పు ఉంటే కాస్త వెయ్యి, మా ఇంట్లో అయిపోయింది" అంది సన్యాసమ్మ.

నూకాలికి భయం పోయి నవ్వొచ్చింది. వచ్చి తాగింది. మట్టి తగలని ఉప్పు పైపైన ఏరి గుప్పెడు ఇచ్చింది. మర్నాడు తనే వచ్చి కిటికీ దగ్గర ఆగింది. ఆ మర్నాడు మేకలు తోలే మాలయ్య ఆగాడు. ఆ తరవాత కుండలు మోసుకొచ్చే వాళ్ళు ఆగారు. ఎవరొచ్చినా సన్యాసమ్మ కులమూ అడగలేదు, ఊరూ అడగలేదు. "దాహమా?" అని మాత్రం అడిగింది. వాళ్ళు తాగి, ఏటికి నీళ్ళెంత వచ్చాయో, సంతలో ఏం పండ్లొచ్చాయో చెప్పి పోయేవారు. ఆదిలక్ష్మి చాప మీద నుంచి లేచి కూర్చుని ఆ కబుర్లు వినేది. నెల తిరిగేసరికి దగ్గు తగ్గింది. కార్తీకంలో ఆడపిల్లని కంది.

ఇక ఎండాకాలం వచ్చింది. ఒక సంతరోజు అన్నదమ్ములు ముగ్గురూ ఏరు దాటి వెళ్ళారు. ఇంట్లో సన్యాసమ్మ, ఆదిలక్ష్మి, చంటిపిల్ల. వాకిట్లో వడ్లు ఉడకబెట్టిన పొయ్యి ఆరిందనుకున్నారు. ఆరలేదు. పడమటి గాలికి నిప్పురవ్వ లేచి గడ్డివాములో పడింది. గడ్డివాము నుంచి పశువులశాల. పశువులశాల నుంచి ఇంటి చూరు. సన్యాసమ్మ పొగ చూసి తలుపు దగ్గరికి వెళ్ళేసరికి, కాలుతున్న తాటాకులు గుమ్మానికి అడ్డంగా కూలాయి. ఇంటికి ఉన్నది ఆ ఒక్క తలుపే.

ఆదిలక్ష్మి పిల్లని గుండెకి అదుముకుని, "పెద్దమ్మా, ఎటు పోదాం?" అంది.

సన్యాసమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కొచ్చింది. కిటికీ ఊచలు పట్టుకుని వీధిలోకి పిలిచింది. ఆవిడ గొంతు పెద్దది కాదు. కాని ఆ గొంతు ఆ వీధిలో అందరికీ తెలుసు. నూకాలు వచ్చింది. మాలయ్య వచ్చాడు. ఆ ముంతతో అంబలి తాగినవాళ్ళు ఎవరు ఎక్కడుంటే అక్కణ్ణించి వచ్చారు. ఎవరో గడ్డపార తెచ్చారు. మాలయ్య చట్రం కింద పొడిచాడు. పనసకర్ర గట్టిది, ఒక పట్టాన కదల్లేదు. ఒక పోటు, రెండు పోట్లు, మూడో పోటుకి కిటికీ మొత్తం ఊడి వీధిలోకి వచ్చింది.

సన్యాసమ్మ ముందు చంటిపిల్లని అందించింది. నూకాలు అందుకుంది. తరవాత ఆదిలక్ష్మిని ఎక్కించింది. ఆఖర్న మాలయ్య రెండు చేతులూ లోపలికి చాపి, "రా తల్లీ" అన్నాడు. ఆవిడ కోక చెంగు అప్పటికే అంటుకుంది. ఆవిణ్ణి బయటికి లాగి, మంటని మట్టితో ఆర్పారు. కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది. ప్రాణం నిలిచింది.

సాయంత్రం అన్నదమ్ములు వచ్చేసరికి ఇల్లు లేదు. నల్లటి గోడలున్నాయి. చింతచెట్టు కింద ఆదిలక్ష్మి పిల్లకి పాలిస్తోంది. నూకాలు సన్యాసమ్మ చేతికి కలబంద రాస్తోంది. అప్పలస్వామి అత్త పాదాల దగ్గర కూలబడ్డాడు. తలెత్తి అడిగాడు:

"ఎన్ని కిటికీలు పెట్టించమంటావత్తా?"

పుట్టినప్పటి నుంచి ఎవరూ ఆవిణ్ణి ఎన్ని, ఏమిటి, ఎలా అని అడగలేదు. సన్యాసమ్మ ఆలోచించుకుంది.

"గది గదికీ మూడు" అంది. "ఒకటి వెలుక్కి. ఒకటి గాలికి. ఒకటి మనిషికి. మనిషి కిటికీ వీధి వైపుండాలి."

అలాగే కట్టారు. వీధి వీధంతా మట్టి తొక్కింది, తాటాకు మోసింది. ముగ్గురన్నదమ్ములు కూలీలతో కలిసి పని చేశారు. ఆ ఇంట్లో పగలు దీపం పెట్టే అవసరం మళ్ళీ రాలేదు. పెద్దవాడూ నడిమివాడూ మళ్ళీ పెళ్ళిళ్ళు చేసుకున్నారు. వచ్చిన కోడళ్ళు ముసలివాళ్ళయ్యేదాకా బతికారు. సన్యాసమ్మ ఆదిలక్ష్మి కూతురికి జడ వేసింది, పెళ్ళి చూసింది. ఒక మధ్యాహ్నం కిటికీ పక్కన, గోడకి ఆనుకుని కూర్చుని, వీధిలో పోయేవాళ్ళని చూస్తూ చూస్తూ కన్ను మూసింది. ముఖంలో బాధ లేదు. వీధిలో వాళ్ళు నిద్రపోతోందేమో అనుకుని మెల్లగా నడిచి పోయారు.

ఆవిడకి గుడి లేదు, రాయి లేదు. కాని ఆ కొండకి ఈ పక్కా, ఏటికి ఆ పక్కా ఉన్న ఊళ్ళలో ఇప్పటికీ ఎవరింటికైనా కొత్త కిటికీ పెట్టినా, పాత కిటికీ మార్చినా, రెక్కలు బిగించే ముందు పని ఆపుతారు. ఆ ఇంట్లో అందరికన్నా ఎక్కువ చాకిరీ చేసే మనిషి ఎవరో, ఆ మనిషిని పీట వేసి కిటికీ దగ్గర కూర్చోబెడతారు. ఎవరని వాదులాట వస్తే వంటింట్లోకి చూసి తేల్చుకుంటారు. ఆ మనిషి ముంతతో అంబలి బయటికి చాపి, వీధిలో మొదట వచ్చినవాళ్ళని "దాహమా?" అని అడగాలి. వచ్చినది ఎవరైనా సరే, కాదనకూడదు. తాగినవాళ్ళు ఖాళీ ముంత తిరిగిచ్చి, లోపలున్న మనిషి పేరు అడిగి తెలుసుకుని, ఆ పేరు పెట్టి "చల్లగా ఉండు" అంటారు.

అన్నాకనే వడ్రంగి మేకు కొడతాడు.